ఊలుకు మైల లేదు

నాకు ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చిన చెవుడు కాదు, పన్నెండో ఏట పోయింది. ఎట్లా పోయిందని అడిగినవాళ్ళకు ఇన్నేళ్ళూ "చలికి" అని చెబుతూ వచ్చాను. అది అబద్ధమేమీ కాదు. ఒక్క చలి వల్లనే పోలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు నారాయణఖేడ్‌కు రెండు కోసుల దూరంలో, మనూర్ పోయే దారిలో ఉండేది. ఊరికి ఎడంగా ఇరవై గుడిసెల వాడ మాది. నేను పుట్టేనాటికే వాడంతా కిరస్తానంలో కలిసింది. ఆదివారం పాటలు పాడుకునేవాళ్ళం, సోమవారం మళ్ళీ పటేలు చేనులోకి పోయేవాళ్ళం. నాన్న పటేలు దగ్గర జీతగాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు ఇచ్చేవాళ్ళు. ఆ చెప్పులు పటేలు ఇంటి ముందుకు రాగానే చేతిలోకి పోవాలి. తలకు చుట్టుకున్న రుమాలు చంకలోకి పోవాలి. మగవాళ్ళందరికీ అది అలవాటే. ఆడపిల్ల తల మీద ఏమన్నా ఉంటే తీయాలా వద్దా అన్నది మాత్రం ఎవరూ ఎప్పుడూ అనుకొని ఉండరు. మా తలల మీద మోపులు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

చిన్నప్పటి నుంచీ నాకు చలికాలం వచ్చిందంటే చెవిపోటు. మాది మెట్ట నేల, గాలికి అడ్డం లేదు. పుష్యమాసంలో అది చెవిలో దూరి తల లోపల తిరుగుతున్నట్టుండేది. తెల్లారేసరికి చింకి బొంత మీద చీము మరక.  అమ్మ నూనెలో వెల్లుల్లి కాచి పోసేది, చీర పేలికతో తల చుట్టేది. ఒకసారి ఖేడ్ దవాఖానకు తీసుకుపోతే కాంపౌండరు చూసి, "చెవులకు గాలి తగులనియ్యకు, అదే మందు" అన్నాడు. అమ్మ దారి పొడుగునా ఆ మాటే తిట్టుకుంటూ నడిచింది. "గాలి తగులనియ్యకు అంటడు. గాలికి నేనేమన్న తలుపు పెట్టనా?"

ఆ మరుసటి ఏడు నన్ను ఖేడ్‌లో మిషన్ బడిలో వేశారు. అక్కడే ఉండి చదువుకోవాలి. యుద్ధం నడుస్తున్న రోజులు. ఎక్కడి నుంచో మట్టిరంగు ఊలు కట్టలు కట్టలుగా బడికి వచ్చేది. మధ్యాహ్నం పాఠాలయినాక పదేళ్ళు దాటిన ఆడపిల్లలందరం వరండాలో కూర్చొని సిపాయిల కోసం టోపీలు అల్లేవాళ్ళం. అల్లిక నేర్పిన పంతులమ్మ మావంటి వాడలో పుట్టి పైకి వచ్చిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మాట కటువు. నా చేతివేగం చూసి ఆమె ఎప్పుడూ మెచ్చుకోలేదు గానీ, ఎవరికైనా కుట్టు జారితే, "దాని దగ్గరికి తీస్కపో" అని నా వైపు చూపించేది.

అల్లిన ప్రతి టోపీనీ నేను ఒకసారి నా తలకు పెట్టుకునేదాన్ని. కొలత చూస్తున్నానని నెపం. నిజానికి ఆ నాలుగు క్షణాల వెచ్చదనం కోసం. చెవుల మీదికి లాక్కుంటే లోకం దూరంగా జరిగినట్టుండేది. పంతులమ్మ రెండు మూడుసార్లు చూసి చూడనట్టు ఊరుకుంది. ఒకనాడు అడిగేశాను.

"పంతులమ్మా, నాకొకటి అల్లుకోనా?"

"లెక్కబెట్టి ఇచ్చిన ఊలే గిది. నీకిస్తె రేపు ఇంగొకతి అడుగుతది."

"నాకు చెవి పోటు..."

"తెలుసు. అందుకే కసురుతలేను."

అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఆమె తన పెట్టెలోంచి రెండు పాత సూదులు తీసి ఇచ్చింది. ఒకదాని కొన వంగి ఉంది. "గివి నావి. ఊలు నాది గాదు. ఊలు నువ్వు చూస్కో" అంది.

ఎండాకాలం సెలవుల్లో చూసుకున్నాను. మా ఊళ్ళో కురుమల ఇళ్ళ దగ్గర గొర్రెల బొచ్చు కత్తిరించే కాలం అది. ఒక ముసలామె ఎప్పుడూ గుమ్మం ముందు కూర్చొని కదురు తిప్పుతూ ఉండేది. ఆమె దగ్గరికి పోయి దూరంగా నిలబడి నాకు కావలసింది చెప్పాను. పకపకా నవ్వింది.

"గొంగడి నేస్తరు గని, ఈ ఊలుతోని టోపీ ఏందే పోరీ? కుచ్చుకుంటది."

"కుచ్చుకున్నా మంచిదే అవ్వా."

"అయితె కూసో. బొచ్చుల ముండ్లేరు."

నెల రోజులు ఏరాను. గొర్రె బొచ్చులో పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, ఎండిన పెంటికలు. వేళ్ళ కొనలు పగిలి నెత్తురు చిమ్మేది, ఒంటికి గొర్రె వాసన పట్టింది. ఇంట్లో అన్నం తింటుంటే నాన్న ముక్కు మూసుకొని నవ్వేవాడు. చివరికి ముసలామె నాకోసమని గంజి పెట్టని మెత్తటి దారం రెండు ఉండలు వడికింది. నా చేతికి ఇవ్వలేదు, నేను పరిచిన గుడ్డ మీద పైనుంచి వదిలింది. అందులో ఆమెకు ద్వేషమేమీ లేదు. పోతుంటే వెనక నుంచి పిలిచి మరీ, "నీళ్ళల్ల నానబెట్టి ఆరెయ్యి, మెత్తగైతది" అని చెప్పింది. ఆమె నాకు మేలు చేసింది. ముట్టుకోకుండా చేసింది. ఈ రెండూ నిజమే.

దసరా సెలవుల్లో అల్లడం మొదలుపెట్టాను. దారంతో నా తల చుట్టూ కొలుచుకున్నాను. మొదటిసారి బిగుతయింది, మొత్తం విప్పేశాను. రెండోసారి చెవుల కోసం రెండు వైపులా రెండు రేకులు దించి, వాటికి గడ్డం కింద ముడేసుకునేందుకు తాళ్ళు పేనాను. నా పక్కన కూర్చొని చూస్తూ ఉండేది పక్క గుడిసె వదిన. ఆ ఏడే కంగ్టి అవతల నుంచి కాపురానికి వచ్చింది. పదహారేళ్ళు ఉంటాయేమో, మాటల్లో కన్నడం కలిసేది, ఏం చెప్పినా అవునా అనడానికి "హౌదా?" అనేది. అప్పటికే నెల తప్పింది.

"నాకు గూడ నేర్పవా? పుట్టేదానికి చిన్నది అల్లుత" అంది.

వెదురు పుల్లలు రెండు చెక్కి, మిగిలిన దారం ఇచ్చి నేర్పాను. నాకంటే నిదానం, కానీ చెయ్యి సాఫు. పదిరోజుల్లో ఒక్క కుట్టు జారకుండా అల్లగలిగింది. అమ్మ చూసి, "ఏడుండెనే గీ పనితనం?" అంది. వదిన సిగ్గుపడి పుల్లలు కొంగులో దాచుకుంది.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు టోపీ నా తల మీద ఉంది. నల్లటిది, ముతకది, నొసట కుచ్చుకునేది. ఆ ఏడు రెండు కోసులూ గాలికి ఎదురు నడిచినా చెవి పోటు రాలేదు. నా ఊపిరి నాకే వినిపించింది. నన్ను చూసి నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. "గొర్రెపిల్ల ఇంటికొచ్చిందే!" అని అమ్మను కేకేశాడు. తీయించి తన మోకాలికి పెట్టి చూశాడు, లోపల చెయ్యి పెట్టి సాగదీసి చూశాడు. "నా బిడ్డ అల్లింది" అని వాడలో నలుగురికీ చూపించి వచ్చాడు. తరవాత జరిగినదాన్ని తలుచుకున్నప్పుడల్లా ఈ ముఖమే ముందు కళ్ళకు కడుతుంది. అదే నాకు ఎక్కువ కష్టం.

వారం తిరక్కముందే ఒక పొద్దున నాన్నకు సద్ది పట్టుకొని పటేలు పశువుల దొడ్డికి పోయాను. పటేలు ఇంటి ముందు మంచం వేసుకొని ఎండలో కూర్చున్నాడు. టోపీ సంగతి నాకు గుర్తే లేదు.

"ఎవల పోరిరా అది? నెత్తి మీద ఏందది?"

నేను ఇంకా ఎవరినో అంటున్నాడనుకుంటున్నాను. నాన్న దొడ్డిలోంచి పరుగెత్తుకొచ్చి నా తల మీది టోపీ పట్టి లాగాడు. ముడి విప్పలేదు. తాడు గొంతుకు కోసుకుంది, ఎడమ చెవి మడతపడి భగ్గుమంది. తాడు తెగాకే టోపీ వచ్చింది.

"చిన్న పోరి దొరా. తెల్వక జేసింది. తప్పయింది" అని నాన్న వంగిపోయాడు. 

పటేలుకు కోపం వచ్చినట్టు లేదు. వింత చూస్తున్నట్టు చూశాడు. లోపలికి కేకేస్తే ఆయన భార్య దొరసాని బయటికి వచ్చింది. "కింద పెట్టు" అంది. నాన్న నేల మీద పెట్టాడు. పనిమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చి చల్లబోయింది.

"నీళ్ళెందుకే? ఊలుకు మైల లేదు. పట్టుకు లేదు, ఊలుకు లేదు" అని దొరసాని టోపీని తన చేత్తోనే ఎత్తింది. తిప్పి చూసింది. కుట్ల మీద వేలు పోనిచ్చింది. నేను పుట్టాక మా ఇంటిది ఏదైనా ఆమె చేత్తో ముట్టుకోవడం అదే మొదలు.

"ఎవలల్లిండ్రు?"

"నా బిడ్డనే దొరసానీ. మిషన్ బడిల నేర్చుకున్నది. సిపాయిలకు గూడ అల్లుతది" అన్నాడు నాన్న.

ఆ గొంతులో భయం ఉంది. భయం అడుగున గర్వం కూడా ఉంది. ఆ గర్వాన్నే నేను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

"మరి రేపటి సంది పంపు. మా ఇంట్ల అందరికి అల్లుతది."

"పంపుత దొరసానీ."

టోపీ ఆమెతోపాటు లోపలికి పోయింది. దొడ్డి దాటాక అడిగాను. "నాయినా, నా టోపీ?"

"ఊకోయే. ఇంగొకటి అల్లుకుందువు."

సాయంత్రం ఇంట్లో అమ్మ ఊరుకోలేదు. "బడి తెరుస్తరు ఆరొద్దులైతె. గప్పుడెట్ల?"

"దొరసాని ఇడిస్తె పోతది."

"ఎప్పుడిడుస్తది? మంగలోన్ని ఇడిసిందా, కుమ్మరోన్ని ఇడిసిందా? ఎట్టిచాకిరి అంటె ఎట్టిచాకిరే. నువ్వు చేస్తున్నవు, సాలదా? నీ నోటితోని బిడ్డను గూడ పెడితివి."

"ఏం జెయ్యమంటవే? రాదని చెప్పాల్నా? నెత్తి మీద పెట్టుకొని వాళ్ళ ముంగటికి వచ్చింది నేనా?"

అమ్మ పొయ్యి ముందుకు పోయి కూర్చుంది. తప్పు నాదని అప్పుడు నేనూ నమ్మాను.

పటేలు ఇంటికి ఉత్తరం వైపు గోడ కింద ఒక బండ ఉండేది. అదే నా చోటు. మధ్యాహ్నం దాకా అక్కడికి ఎండ రాదు. బీదర్ నుంచి మెత్తటి ఊలు తెప్పించారు. ఎరుపు, పసుపు, నీలం. పనిమనిషి పైనుంచి నా ఒళ్ళో వేసేది. తలల కొలతలు దారాలుగా వచ్చేవి. ఇది పటేలుది, ఇది తమ్ముడిది, ఇది పెద్ద కొడుకుది. వాళ్ళ తలలను నేను ఎన్నడూ దగ్గరి నుంచి చూడలేదు గానీ, ఎవరి తల ఎంతో ఇప్పటికీ చెప్పగలను. టోపీలయ్యాక మఫ్లర్లు, మఫ్లర్లయ్యాక మేజోళ్ళు. పొద్దు గూకేదాకా నేను ముట్టింది ఇంట్లోకి పోయేది, నేను మాత్రం బండ దిగి దొడ్డిదారిన పోయేదాన్ని. ఊలుకు మైల లేదు. నా నీడకు ఉంది. ఇందులో మతలబు ఏమిటని పన్నెండేళ్ళ బుర్రతో చాలా ఆలోచించాను, దొరకలేదు. ఇప్పుడు తెలుసు. వాళ్ళకు అక్కరున్నదానికి మైల ఉండదు.

పొద్దున బయలుదేరేటప్పుడు అమ్మ నా చెవులకు పేలిక కట్టేది. వాడ దాటగానే నాన్న విప్పేసేవాడు. "నెత్తికేం కట్టకు. మొన్నటిది యాది లేదా?" అనేవాడు. విప్పి మడతపెట్టి తన నడుముకు చెక్కుకునేవాడు, సాయంత్రం మళ్ళీ తనే కట్టేవాడు. పటేలు వద్దనలేదు, దొరసానీ వద్దనలేదు. ఎవరూ అనకముందే మా నాన్న విప్పేవాడు.

బడి తెరిచారు. నేను పోలేదు. రెండు వారాలకు పంతులమ్మ నడిచి వచ్చింది. బండ మీద నన్ను చూసి తిన్నగా పటేలు తలవాకిలి ముందుకు పోయి నిలబడింది. ఆమె వచ్చిందని లోపలికి కబురు పోవడం నేను విన్నాను. లోపలి నుంచి ఎవరూ రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నిలబడి తిరిగొచ్చింది.

"పిలువలే" అంది నాతో. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు, చేతిలో ఉన్నాయి. అది నేను చూశానని ఆమె చూసింది. "నేను మల్ల వస్త" అని ముఖం తిప్పుకొని పోయింది. మళ్ళీ రాలేదు.

ఆ నెలలోనే చెవి పూర్తిగా పోయింది. ఒక సాయంత్రం బండ మీద నుంచి లేస్తే నేల పక్కకు ఒరిగింది. జ్వరం. మూడు రోజులు తలలో ఎవరో రోకలి వేసి దంచినట్టుండి, నాలుగో రోజు ఏదో పుట్టుక్కుమని, చీమూ నెత్తురూ కారి, నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది. తగ్గిందని అమ్మ దేవునికి దండం పెట్టుకుంది. ఆమె నా ఎడమ పక్కన కూర్చొని ప్రార్థన చేస్తోంది, పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఖేడ్ దవాఖానలో డాక్టరు చెవిలోకి చూసి, "లోపటి పొర పోయింది, ఇంక రాదు" అన్నాడు. వారం తరవాత దొరసాని నుంచి మనిషి వచ్చింది, మేజోళ్ళు సగంలో ఉన్నాయని. నాన్న నన్ను మళ్ళీ తీసుకుపోయాడు.

శివరాత్రి వెళ్ళి చలి తగ్గింది. ఇక ఊలు పని ఉండదనుకున్నాను. వచ్చే ఏటికి ముందే అల్లి పెట్టుకోవాలన్నారు. ఒక మధ్యాహ్నం వంటింటి తలుపు తెరిచి ఉంది. పనిమనిషి పొయ్యి మీది నుంచి పాలకుండ దించుతోంది. రెండు చేతుల్లో రెండు నల్లటి ముక్కలు. నా టోపీ. మధ్యకు కోసి మసిగుడ్డలు చేశారు. ఒక ముక్కకు చెవిరేకు ఇంకా వేలాడుతోంది.

ఆ ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని పెట్టుకుంటున్నారని నేను అనుకుంటూ వచ్చాను. లాక్కున్నారు సరే, లాక్కున్నంత విలువ ఉందిలే అని ఎక్కడో ఒక పిచ్చి తృప్తి. అది కూడా లేకుండా పోయింది.

నేను ఏడవలేదు. చేతిలో ఉన్న పసుపు మఫ్లరు లోంచి సూదులు లాగేశాను. కుట్లన్నీ నోళ్ళు తెరుచుకున్నాయి. మఫ్లరు బండ మీద పెట్టి, సూదులు పట్టుకొని లేచాను. అవి పంతులమ్మవి. ఇంటికి పోలేదు. పట్టపగలు ఖేడ్ దారి పట్టి, వెనక్కి తిరగకుండా రెండు కోసులు నడిచాను. ఎవరైనా పిలిచారేమో తెలియదు.

పంతులమ్మ వరండాలో ఉంది. నన్నూ నా చేతిలోని సూదులనూ చూసి, "అన్నం తిన్నవా?" అని మాత్రమే అడిగింది. మర్నాడు అమ్మ నా బట్టల మూట తెచ్చి ఇచ్చి, "ఇంటికి రాకు" అని చెప్పి పోయింది. నాన్నను కట్టేసి కొడతారనో, గుడిసె పీకేస్తారనో నేను భయపడుతూ కూర్చున్నాను. ఏడెనిమిది రోజులకు నాన్నే వచ్చాడు. ఒంటి మీద దెబ్బల్లేవు. బడి గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఇగ నిన్ను అడుగరు" అన్నాడు.

"ఎట్ల నాయినా?"

"పక్కింటి కంగ్టి పిల్లకు గూడ వస్తదని చెప్పిన. పుల్లలతోని అల్లింది సూపెట్టిన. దొరసాని మంచిగున్నదన్నది."

 నాన్న నా వైపు చూడకుండా అన్నాడు. "నిన్ను ఇడిపిచ్చిన బిడ్డా. ఇంగ నా మీద కోపం పెట్టుకోకు."

కోపం పెట్టుకోలేదు. వద్దని కూడా అనలేదు. "వదిన కడుపుతోని ఉన్నది గద" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ రోజు నాకు సంతోషమయింది. ఇది దాచి ప్రయోజనం లేదు. నాన్న పోయాక బెల్లు కొడితే తరగతిలోకి పోయి కూర్చున్నాను, ఆ సాయంత్రం ఆకలేసి రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను.

మళ్ళీ క్రిస్మస్‌కు గానీ ఊరికి పోలేదు. ఆ నడుమ వదినకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున బండ మీదికి రమ్మన్నారట. నేను పోయిన రోజు ఆమె గోడ పక్కన కూర్చొని నీలం ఊలు అల్లుతోంది. పిల్ల ఒళ్ళో చీర పేలికలో ఉంది, తల మీద ఏమీ లేదు. పుట్టేదానికని అల్లిన చిన్న టోపీని నాన్న దొరసానికి చూపించాడు కదా, అది తిరిగి రాలేదు. మళ్ళీ అల్లడానికి ఊలూ లేదు, తీరికా లేదు.

నేను పక్కన కూర్చోబోయాను. "దూరముండు. చూస్తె నిన్ను గూడ కూసోమంటరు" అంది. వేళ్ళు ఆగలేదు. నాకంటే వేగం వచ్చేసింది ఆమెకు. తల ఎత్తకుండానే అడిగింది.

"బడిల ఏం చదువుతున్నవు?"

ఏదో చెప్పాను.

"హౌదా? మంచిగ చదువు" అంది. దారం లాక్కుంటూ, "నువ్వు నాకు గిది నేర్పకుంటె బాగుండు" అంది. కోపంగా అనలేదు. చలి ఎక్కువగా ఉందని అన్నట్టు అంది. తరవాత పిల్ల ఏడిస్తే రొమ్ముకు అందించి, అల్లే చెయ్యి ఆపకుండా మోకాళ్ళు ఊపుతూ కూర్చుంది. నేను వాడ వైపు నడిచాను.